మగ్గం గుంటలో వణికే పాదం: పక్షవాతం తర్వాత పిక్క బిగువులో నరం వాటా ఎంత, కండ వాటా ఎంత?

రోగికి 54 ఏళ్లు. గంజాం జిల్లా బరంపురంలో ఇంట్లోనే గుంట మగ్గం మీద పట్టు నేస్తారు. 8 నెలల కిందట మెదడు కుడివైపు మధ్య ధమనిలో రక్తం గడ్డకట్టి ఎడమ పక్క పడిపోయింది. బీపీ, షుగర్ ముందు నుంచీ ఉన్నాయి. మాట, మింగడం బాగున్నాయి. చేతికర్రతో నడుస్తున్నారు, కానీ ఎడమ మడమ నేలకు ఆనదు. పాదం ముందు భాగం, అందులోనూ బయటి అంచు మొదట తగులుతోంది. మోచేయి కొంచెం ముడుచుకుని ఉంది.

ఆయన వచ్చింది నడక కోసం కాదు. భార్య మాటల్లో చెప్పాలంటే: “నడకైతే ఎలాగోలా నడుస్తన్నారు బాబూ. మగ్గంలో కూకుంటే ఎడం కాలు టకటకా కొట్టుకుంటాది, నాడె పడుగులో చిక్కడిపోతాది.”

అప్పటికి ఆయన కండ బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర 20 మి.గ్రా. రోజుకు మూడు పూటలా వేసుకుంటున్నారు. 10 మి.గ్రా.తో కాలు వదలలేదని రెండు నెలల కిందట మోతాదు రెట్టింపు చేశారు. కాలు అప్పుడూ వదల్లేదు. మత్తు పెరిగింది, మోకాలు ఉన్నట్టుండి మడతపడుతోంది, చివరి నెలలో రెండుసార్లు పడిపోయారు. ఈ కేసులో తేల్చాల్సిన మొదటి విషయం ఇదే: మందు పెంచినా వదలని బిగువు అసలు ఎక్కడుంది?

బిగువు ఎలా పుడుతుంది

కండ లోపల కదురు ఆకారంలో చిన్న గ్రాహకాలుంటాయి, వాటిని మజిల్ స్పిండిల్స్ అంటారు. కండ సాగితే, ముఖ్యంగా వేగంగా సాగితే, ఇవి 1ఎ నరపు పోగుల ద్వారా వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము అదే కండను బిగించమంటుంది. మోకాలి చిప్ప కింద సుత్తితో కొడితే కాలు ఎగరడం ఈ ప్రతిచర్యే. ఆరోగ్యంగా ఉన్నవారిలో మెదడు దీన్ని పైనుంచి అదుపులో పెడుతుంది. కార్టెక్స్ నుంచి వచ్చే ప్రోత్సాహంతో మెడుల్లాలోని ఒక కేంద్రం రెటిక్యులోస్పైనల్ మార్గం ద్వారా అణచివేత సంకేతాలు పంపుతుంది. స్ట్రోక్‌లో ఆ ప్రోత్సాహం తెగిపోతుంది. ఉత్తేజపరిచే రెటిక్యులోస్పైనల్, వెస్టిబ్యులోస్పైనల్ మార్గాలకు ఎదురు లేకుండా పోతుంది. వెన్నుపాములోని స్థానిక అణచివేతలు కూడా సడలుతాయి: 1ఎ కొనల దగ్గరి ప్రీసినాప్టిక్ నిరోధం తగ్గుతుంది, ఎదురు కండను వదిలించే పరస్పర నిరోధం తగ్గుతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. అందుకే మొదట మెత్తగా వేలాడిన కాలు వారాలు, నెలల మీద బిగుస్తూ వస్తుంది.

లాన్స్ 1980లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ పనికొస్తుంది: స్పాస్టిసిటీ అంటే సాగదీసే వేగం పెరిగేకొద్దీ పెరిగే టానిక్ స్ట్రెచ్ ప్రతిచర్య, అంటే సాగిన కండ తిరిగి బిగుసుకునే ప్రతిచర్య. ఇందులో ముఖ్యమైన మాట ‘వేగం’. నెమ్మదిగా సాగదీసినా ఎదురొచ్చే బిగువును ఆ పేరుతో పిలవలేం. అది కండ సొంత గట్టిదనం, లేదా కండ పొట్టిబడడం.

కండ ఎలా పొట్టిబడుతుంది? పాదం కిందికి వంగిన స్థితిలోనే నెలల తరబడి ఉంటే పిక్క కండ ఆ పొట్టి పొడవుకే సర్దుకుంటుంది. పిల్లుల సోలియస్ (పిక్క లోపలి పొర) కండను పొట్టి స్థితిలో 4 వారాలు కట్టి ఉంచిన 1972 నాటి ప్రయోగంలో, పోగు పొడవునా ఒకదాని వెనక ఒకటిగా ఉండే సార్కోమియర్లు (కండను ముడిచే అతి చిన్న భాగాలు) దాదాపు 40 శాతం తగ్గాయి. మనుషుల్లో సంగతి అంత తిన్నగా లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు శస్త్రచికిత్స చేసేటప్పుడు కొలిస్తే, ఉన్న కొద్ది సార్కోమియర్లూ మామూలు కంటే ఎక్కువ సాగి కనిపించాయి. పోగుల చుట్టూ కొలాజెన్ అనే గట్టి పీచు పేరుకుంటుంది. కండ పెరుగుదలకు అవసరమైన శాటిలైట్ కణాలు తగ్గుతాయి. నడకలో పిక్క కండ తన్యతను కొలిచిన డైట్జ్, బెర్గర్ (1983) మరో సంగతి చూపారు. ఈఎంజీలో (కండలోని విద్యుత్‌ను నమోదు చేసే పరీక్ష) విద్యుత్ చర్య పెద్దగా లేకపోయినా కండలో తన్యత పెరుగుతోంది. అంటే నరం ఆజ్ఞ లేకుండానే కండ గట్టిగా లాగుతోంది. బాక్లోఫెన్ వెన్నుపాములోని గాబా-బి గ్రాహకాల మీద పనిచేసే మందు. కొలాజెన్ మీద దానికి పట్టు లేదు.

కొలత: మొదటి రోజు ఎక్కడ తప్పు జరిగింది

వచ్చేటప్పటికి చీటీ మీద ఉన్నది ఒక్క అంకే: పిక్కకు మోడిఫైడ్ ఆష్‌వర్త్ 3. ఆష్‌వర్త్ 1964లో పెట్టిన స్కేలుకు బొహానన్, స్మిత్ 1987లో ‘1+’ చేర్చారు. ఒక సెకను లెక్కతో కీలును ఒకే వేగంతో కదిపి, ఎదురెంతో చేతికి తెలిసినంతలో 0 నుంచి 4 వరకు వేస్తారు. వేగం ఒక్కటే కాబట్టి నరం వాటా, కండ వాటా అందులో కలిసిపోతాయి. 3 అంటే ‘కదపడం కష్టం’ అని మాత్రమే. ఎందుకు కష్టమో ఆ అంకె చెప్పదు.

టార్డ్యూ స్కేలు (బాయిడ్, గ్రాహమ్ 1999లో సవరించిన రూపం) రెండు వేగాలతో కొలుస్తుంది. వీ1 అంటే వీలైనంత నెమ్మదిగా, వీ3 అంటే వీలైనంత వేగంగా. వీ1లో పాదం ఎంతవరకు వస్తుందో అది ఆర్2. వీ3లో ‘టక్’మని ఎక్కడ పట్టుకుంటుందో అది ఆర్1. రెంటి మధ్య తేడా నరం వాటాకు గుర్తు. ఆర్2 బాగున్న కాలి కంటే ఎంత తక్కువో అది ప్రధానంగా కండ వాటా. పాత పద్ధతిలో కోణాలను కండ అతి తక్కువగా సాగిన స్థితి నుంచి లెక్కిస్తారు. ఈ కేసులో పాదం కాలికి లంబంగా ఉన్న స్థితిని 0 అనుకున్నాం. పైకి వంగితే ప్లస్, అంతవరకు రాకపోతే మైనస్.

మొదటి కొలతలో ఆర్2 +4 వచ్చింది. మడమ ఆనని మనిషికి +4 వస్తే ముందు కొలతనే అనుమానించాలి. చూస్తే మూడు పొరపాట్లు. మోకాలి కింద దిండు ఉంది, దాంతో గ్యాస్ట్రోక్నీమియస్ (మోకాలి పైనుంచి వచ్చే పిక్క పై కండ) వదులైంది. చెయ్యి పాదం ముందు భాగాన్ని పట్టుకుని నెట్టింది, దాంతో మడమ కదలకుండా పాదం మధ్యలో విరిగినట్టు పైకి లేచింది. కొలిచే ముందు నాలుగైదు సార్లు కదిపారు, అలా కదిపితే కండ తాత్కాలికంగా మెత్తబడుతుంది.

అందుకే పద్ధతి ఇలా స్థిరపరిచాం. ఉదయం మాత్ర వేసుకున్న రెండు గంటలకు, వెల్లకిలా పడుకోబెట్టి, 5 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఒక చేత్తో మడమ ఎముకను గుప్పిట్లో పట్టి కొంచెం లోపలికి తిప్పి ఉంచాలి, ముంజేయి అరికాలికి ఆనించి నెట్టాలి. గోనియోమీటర్ (కోణం కొలిచే పరికరం) ఇరుసు బయటి చీలమండ దగ్గర, దాని ఒక చెయ్యి ఫిబులా (పిక్క బయటివైపు ఎముక) తల వైపు, రెండోది అయిదో మెటటార్సల్‌కు (చిటికెన వేలి వైపు పాదం ఎముక) సమాంతరంగా పెట్టాలి. ముందు వీ1, తర్వాత వీ3. ఒక్కోసారి ఒక్క కదలికే. మోకాలు చాచి ఒకసారి, 90 డిగ్రీలు మడిచి ఒకసారి. మోకాలు మడిస్తే గ్యాస్ట్రోక్నీమియస్ వదులై సోలియస్ ఒక్కటే మిగులుతుంది (సిల్ఫర్‌స్కోల్డ్ పరీక్ష). గోనియోమీటర్‌లో 5 డిగ్రీల లోపు తేడాను మార్పుగా లెక్కించకూడదు.

సరిగ్గా కొలిస్తే ఇలా ఉంది: మోకాలు చాచి ఆర్2 −5, ఆర్1 −22. మోకాలు మడిచి ఆర్2 +8, ఆర్1 −12. బాగున్న కుడి కాలు చాచి +12, మడిచి +22. వీ3లో 14 సార్లు కొట్టుకుని ఆగిన క్లోనస్ (సాగదీయగానే పాదం లయగా టకటకా కొట్టుకోవడం). పాదాన్ని పైకి ఎత్తే టిబియాలిస్ యాంటీరియర్ బలం 5కి 2. పది మీటర్ల నడక 26 సెకన్లు. మోచేయి ఆష్‌వర్త్ 1+, కండ పొట్టిబడలేదు. దానికి ఇంట్లో చేసే వ్యాయామాలు చెప్పి పక్కన పెట్టాం.

అంటే నరం వాటా 17 డిగ్రీలు, కండ వాటా కూడా 17 డిగ్రీలు. సగం సగం. మందు పెంచుతూ పోయినా ఆ రెండో సగాన్ని అది తాకదు.

మగ్గం గుంటలో

మగ్గం దగ్గర కూర్చోబెట్టి చూడకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది. గుంట అంచున కూర్చుని మోకాళ్లు మడిచి రెండు కాళ్లతో చెక్కలను మార్చి మార్చి తొక్కాలి. తొక్కినప్పుడు పడుగు దారాలు రెండుగా విడి నోరు తెరుస్తాయి, ఆ సందులో అడ్డదారం మోసే నాడె దాటాలి. ఆయన చెక్క అంచును పాదం ముందు గుబ్బతో తొక్కుతున్నారు, మడమ గాలిలో వేలాడుతోంది. తొడతో కిందికి నొక్కిన బరువుకు చెక్క పాదాన్ని పైకి తోస్తుంది. సోలియస్ ఉన్నట్టుండి సాగుతుంది, ప్రతిచర్యతో బిగుస్తుంది, పాదం కిందికి పోతుంది, కండ వదులుతుంది, మళ్లీ సాగుతుంది. సెకనుకు అయిదారు సార్లు. చెక్క అదిరిన ప్రతిసారీ పడుగు నోరు సగం మూసుకుంటుంది. నాడె దారాల్లో తగులుకుంటుంది. కూర్చున్నప్పుడు మోకాలు మడిచే ఉంటుంది కాబట్టి ఇక్కడ దోషి సోలియస్. నడకలో మాత్రం సోలియస్, గ్యాస్ట్రోక్నీమియస్ రెండూ.

మందుకు ముందు బొటనవేలు

ఉన్నట్టుండి బిగువు పెరిగిందంటే ముందు తల నుంచి కాలి దాకా వెతకాలి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పుండు, బిగుతు చెప్పు, పిక్కలో రక్తం గడ్డకట్టడం, లోపలికి పెరిగిన గోరు. పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ మందగిస్తే రోగికి నొప్పి తెలియకపోవచ్చు. వెన్నుపాముకు మాత్రం కబురు చేరుతూనే ఉంటుంది. ఈయనకు ఎడమ బొటనవేలి గోరు లోపలికి పెరిగి చీము పట్టింది. చెప్పు పట్టీ దాని మీదే రాసుకుంటోంది. రోజూ నూనె మర్దన చేసే ఇంట్లో వాళ్లకూ అది కనిపించలేదు, ఎందుకంటే మర్దన పిక్కకే. మలబద్ధకం కూడా ఉంది, దానికి బాక్లోఫెన్ కూడా ఒక కారణం కావచ్చు.

గోరు తీయించి, యాంటీబయాటిక్, విరేచనం సాఫీ అయ్యే మందు ఇచ్చారు. 12 రోజుల తర్వాత మోకాలు చాచి ఆర్1 −22 నుంచి −14కి, మడిచి −12 నుంచి −5కి వచ్చింది. క్లోనస్ 14 నుంచి 6కి తగ్గింది. ఆర్2 రెండు స్థితుల్లోనూ కదల్లేదు. నరం వాటా తగ్గింది, కండ వాటా అలాగే ఉంది. ఈ మార్పంతా జరిగినా ఆష్‌వర్త్ మాత్రం 3 దగ్గరే ఉంది. ఆ ఒక్క అంకెనే నమ్ముకుని ఉంటే గోరు చికిత్స వల్ల లాభం లేదని రాసేవాళ్లం.

గోరుకు యాంటీబయాటిక్ రాసే డాక్టర్లకు ఒక మాట. బాక్లోఫెన్ బదులు టిజానిడిన్ (బిగువు తగ్గించే మరో మందు) మీద ఉన్న రోగికి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. టిజానిడిన్‌ను కాలేయంలో విరిచే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది, రక్తంలో టిజానిడిన్ విపరీతంగా పెరిగి బీపీ పడిపోతుంది.

బాక్లోఫెన్ తగ్గింపు

పిక్క బిగువు కోసం ఇచ్చిన మందు తొడ కండలను కూడా వదిలించింది. బలం తక్కువైన కాలిని నిలబెడుతున్నది కొంతవరకు ఆ తొడ బిగువే. మోకాలు మడతపడి పడిపోవడానికి కారణం అదే. క్రియాటినిన్ చూశాక (బాక్లోఫెన్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే పోతుంది) న్యూరాలజిస్టు రోజుకు 60 మి.గ్రా. నుంచి వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గించి ఆరు వారాల్లో 30కి తెచ్చారు.

మధ్యలో ఒక గండం. ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లినప్పుడు మాత్రలు ఇంట్లో మరిచారు. రెండో రోజు రాత్రి కాళ్లు ఈడ్చుకుపోయాయి, ఒళ్లంతా దురద, నిద్ర లేదు. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపితే భ్రమలు, మూర్ఛలు కూడా రావచ్చు. అదృష్టవశాత్తూ అంతదాకా పోకముందే మాత్ర దొరికింది. అప్పటి నుంచి చీటీ మీద ఎర్ర అక్షరాలతో ‘ఆపకూడదు, తగ్గించాలి’ అని రాసి, అయిదు రోజుల మాత్రలు చొక్కా జేబులో ఉంచుకోమన్నాం. ఊళ్లు దాటి చుట్టాలిళ్లకు పోయే కుటుంబాలకు ఇది మొదటి రోజే చెప్పాల్సిన మాట.

30 మి.గ్రా. దగ్గర ఆర్1 −15. అంటే ఎక్కువ మోతాదు పిక్కకు చేసిన మేలేమీ లేదు. మత్తు పోయింది. ఆ తర్వాత పడిపోలేదు.

నరాన్ని మొద్దుబార్చి చూడడం

ఇంజెక్షన్, కట్టు అనే ఖర్చుకు ముందు ఒక పరీక్ష. మోకాలి వెనక గుంటకు పైభాగాన టిబియల్ నరం దగ్గర డాక్టర్ 2 శాతం లిగ్నోకైన్ 4 మి.లీ. ఇచ్చారు. 20 నిమిషాలకు క్లోనస్ మాయమైంది, వీ3లో పట్టు లేదు. అయినా ఆర్2 −3 దగ్గరే ఆగింది. నరం పూర్తిగా నిద్రపోయినా బాగున్న కాలి కంటే 15 డిగ్రీలు తక్కువ. అది కచ్చితంగా కండ, స్నాయువుల పొట్టిదనమే. ఈ పరీక్ష తర్వాత అరికాలు మొద్దుబారి ఉంటుంది. స్పర్శ తిరిగి వచ్చేదాకా నడవనివ్వకూడదు, షుగర్ ఉన్నవారిని అసలే వదలకూడదు.

ఇంజెక్షన్, ఆపైన కట్టు

బొట్యులినమ్ టాక్సిన్ నరం కొనలోని స్నాప్-25 ప్రోటీన్‌ను కోసి, కండను బిగించమనే రసాయనం అసిటైల్‌కోలిన్ విడుదలను ఆపుతుంది. కొన్ని రోజుల్లో పట్టు మొదలై, దాదాపు మూడు నెలలు ఉంటుంది. ఒనబొట్యులినమ్‌టాక్సిన్-ఎ 100 యూనిట్ల సీసాకు ప్రిజర్వేటివ్ లేని 0.9 శాతం సెలైన్ 2 మి.లీ. కలిపారు, అంటే 0.1 మి.లీ.లో 5 యూనిట్లు. గ్యాస్ట్రోక్నీమియస్ లోపలి తలకు 75, బయటి తలకు 75, సోలియస్‌కు 75, పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్‌కు 75. మొత్తం 300 యూనిట్లు, అల్ట్రాసౌండ్ చూస్తూ. ఒక బ్రాండ్ యూనిట్లు మరో బ్రాండ్ యూనిట్లకు సమానం కావు. సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోనే రావాలి. ఎండాకాలంలో దూరం నుంచి తెప్పించేటప్పుడు పెట్టె తెరిచి చూడకుండా సంతకం పెట్టొద్దు.

టాక్సిన్ నరం వాటాను మాత్రమే తగ్గిస్తుంది. కండ వాటాకు సాగదీత కావాలి. ఇక్కడ నిజం చెప్పుకోవాలి: చేత్తోనైనా, బద్ద, కట్లతోనైనా సాగదీతతో కీలు కదలిక చెప్పుకోదగ్గంత పెరగదని 2017 కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఎలుకల్లో రోజుకు అరగంట సాగదీత సార్కోమియర్ల నష్టాన్ని ఆపిన మాట నిజమే, కానీ అది నష్టం జరగకుండా ఆపడం. జరిగిపోయిన పొట్టిదనం మీద మా అనుభవంలో కొంతైనా పనిచేసేది రాత్రీ పగలూ వదలకుండా పట్టి ఉంచే వరుస కట్లే, అదీ టాక్సిన్ పట్టు మీద ఉన్నప్పుడు.

ఇంజెక్షన్ అయిన 14వ రోజు ఆర్2 −4, ఆర్1 −8. షుగర్ ఉంది కాబట్టి కట్టుకు ముందు అరికాలి మీద 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష, పాదం నాడి చూశాం. స్పర్శ లేకపోతే కట్టు వేసేవాళ్లం కాదు. బరంపురం అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్ర రోజులు తప్పించి తేదీలు పెట్టుకున్నాం. ఆ జనంలో కట్టు కాలితో నిలబడితే పుండు ఖాయం.

కట్టు వేసే తీరు: గుడ్డ గొట్టం, దాని మీద 15 సెం.మీ. దూది రోళ్లు రెండు, మడమకు, రెండు చీలమండలకు, అయిదో మెటటార్సల్ మొదలుకు 1 సెం.మీ. ఫెల్ట్ ముక్కలు, ఆపైన 15 సెం.మీ. ప్లాస్టర్ రోళ్లు మూడు. కోణం మోకాలు చాచి చూసిన ఆర్2 కంటే 2, 3 డిగ్రీలు తక్కువ. మోకాలు మడిచి చూసిన కోణానికి కడితే, కాలు చాచగానే గ్యాస్ట్రోక్నీమియస్ లాగి మడమ కట్టులో పైకి జారుతుంది, అక్కడే ఒరుసుకుంటుంది. ప్లాస్టర్ ఆరేదాకా వేళ్లతో కాకుండా అరచేతులతో పట్టుకోవాలి. వేలి గుంట ఒక్కటి చాలు పుండు పడడానికి.

మొదటి కట్టు −7 దగ్గర, మడమ కింద ఎత్తు ముక్కతో. 48 గంటలకే విప్పి చూసి మళ్లీ వేశాం. రెండోది −2. అయిదో రోజు విప్పితే అయిదో మెటటార్సల్ మొదలు దగ్గర ఎరుపు, వేలితో నొక్కినా తెల్లబడలేదు. ఫెల్ట్ ముక్క ముందుకు జారింది. నాలుగు రోజులు కట్టు లేకుండా వదిలి, రాత్రి బద్ద (స్ప్లింట్) మాత్రం పెట్టాం. మూడోది +2 దగ్గర, ఆరు రోజులు.

మగ్గానికి చేసిన మార్పు

నడకకు పాదం కిందికి జారకుండా ఆపే ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓ, రాత్రికి బద్ద. గుంటలో ఏఎఫ్‌ఓ పనికిరాదు, తొక్కడానికి చీలమండ కదలాలి. అందుకని ఎడమ చెక్కకే వెనకవైపు 10 సెం.మీ. పొడిగించి, మడమ ఆనేలా చిన్న అడ్డు పెట్టించాం. ఇప్పుడు బలం తొడ నుంచి మడమ ద్వారా పోతుంది, పాదం ముందు గుబ్బ మీద బరువు పడదు, సోలియస్ ఉన్నట్టుండి సాగదు. చెక్కను ఒక్కసారిగా వదలకుండా నెమ్మదిగా పైకి రానివ్వడం వారం రోజులు నేర్చుకోవాల్సి వచ్చింది. వడ్రంగి చేసిన ఈ పని టాక్సిన్ పట్టు తగ్గాక కూడా పనిచేస్తుంది.

ఫలితం

ఇంజెక్షన్ తర్వాత 6 వారాలకు మోకాలు చాచి ఆర్2 +6, ఆర్1 0, ఆష్‌వర్త్ 2. 16 వారాలకు ఆర్2 +4, ఆర్1 −10, ఆష్‌వర్త్ 2. అంటే టాక్సిన్ పోయాక నరం వాటా చాలావరకు తిరిగి వచ్చింది. ఆర్2లో తగ్గిన 2 డిగ్రీలు కొలత దోషం లోపలివే, కాబట్టి కండలో వచ్చిన పొడవు నిలిచింది. టిబియాలిస్ యాంటీరియర్ బలం 3కి వచ్చింది. పది మీటర్లు 20 సెకన్లు. మడమ నేలకు ఆనుతోంది. మగ్గంలో ఆపకుండా 10 నిమిషాలు కూడా కూర్చోలేని మనిషి 40 నిమిషాలు నేస్తున్నారు. చెయ్యి మారలేదు. ఎడమ చేత్తో నాడె తాడు లాగడం ఇంకా రాలేదు, ఆ పని కొడుకు చేస్తున్నాడు. అది బిగువు వల్ల కాదు, బలం లేకపోవడం వల్ల. దానికి ఏ ఇంజెక్షనూ లేదు.

రెండో విడత టాక్సిన్ ప్రస్తుతానికి వద్దనుకున్నాం. ఆర్1 −10 ఉన్నా చెక్క అదరడం లేదు, నడకకు ఏఎఫ్‌ఓ ఉంది. నెలకోసారి అదే బల్ల మీద, అదే వేళకు కొలుస్తున్నాం. ఆర్2 0 కంటే కిందికి జారితే మళ్లీ కట్టు. ఆర్1 మాత్రమే జారితే ముందు కాలి గోళ్లు చూస్తాం.